వెనక బెంచీలో గమ్మునుండే పని

మా ఊరి ఎలిమెంటరీ బడికి నేను తల్లిదండ్రుల కమిటీ చైర్మన్‌ని ఎట్లా అయ్యానంటే, ఆ రోజు మీటింగుకు వచ్చినవాళ్లలో తొందర లేని మనిషిని నేనొక్కణ్ణే. తక్కినవాళ్లలో కొందరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ షిఫ్టుకు పోవాలి, కొందరు తిరుపతి బస్సు అందుకోవాలి. ఎవరుంటారని అడగ్గానే అందరూ నావైపు చూశారు. చేతులెత్తారు. ఎత్తిన చేతులు దించకముందే చెప్పులు వెతుక్కున్నారు. నేను మాత్రం నా సమర్థత ఊరికి ఇన్నాళ్లకు తెలిసొచ్చిందనుకుని, మరుసటి రోజే చిత్తూరు పోయి ఒక తెల్ల చొక్కాకు కొలతలిచ్చి వచ్చాను.

చైర్మన్ కావాలంటే బడిలో చదివే పిల్లకు సంరక్షకుడై ఉండాలి. ఆ అర్హత నాకుంది. మా అమ్మాయి తిరుపతిలో ఒక ఆస్పత్రిలో నర్సు. పొద్దున బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే ఇంటికి చేరుతుంది. అల్లుడిది లారీ మీద బతుకు. నాలుగో తరగతి చదివే మనవరాలికి జడ వెయ్యడం తప్ప మిగిలిన పెద్దరికమంతా నాదే.

అంతకుముందు నా బతుకంతా చిత్తూరు మామిడి మండీలో గడిచింది. కాయలు వేరుచేసే పని. కాయను అరచేతిలోకి తీసుకుని, ఇది ఫ్యాక్టరీకి, ఇది ఊరగాయకు, ఇది పారేసేదానికి అని చెప్పి ఆయా కుప్పల్లోకి వేసెయ్యడమే. కాయ ఎదురు మాట్లాడదు. ఎందుకు పక్కన పెట్టావని అడగదు. అట్లా అన్నేళ్లు పనిచేసేసరికి మనుషుల్ని కూడా చూసీ చూడగానే ఏదో ఒక కుప్పలో వేసెయ్యడం నాకు అలవాటైపోయింది. మనుషులు కూడా ఎదురు మాట్లాడకపోతే నేను చెప్పింది నిజమేననుకునేవాణ్ణి. వాళ్లు నాతో పెట్టుకోవడం ఎందుకని ఊరుకున్నారని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆలస్యంగా తెలియడం నాకు కొత్తేం కాదు. అక్షరాలే నాకు నలభై దాటాక వచ్చాయి. మా ఊళ్లో రాత్రి బడి పెట్టినప్పుడు, పెద్దవాళ్లం ఒక పంచలో కూర్చుని పలకల మీద దిద్దుకున్నాం. నాకు చదవడం వచ్చిన కొత్తలో నాతో బస్సులో ప్రయాణం చెయ్యడం జనానికి ఒక శిక్ష. చిత్తూరు నుంచి తిరుపతి దాకా కనపడిన బోర్డునల్లా గట్టిగా చదివేవాణ్ణి. సిమెంటు, ఎరువులు, దంతవైద్యం, పొగ తాగరాదు, చేతులు బయట పెట్టరాదు. మా ఇంటావిడ ఒకసారి తట్టుకోలేక, ఆ బోర్డు అందరికీ కనపడతాండాది, నువ్వు సెప్పబల్లేదు అంది. నాకు కనపడింది ఇప్పుడే గదా అన్నాను. అది నిజమే. కానీ పక్క సీట్లో నిద్రపోతున్నవాడికి దంతవైద్యంతో ఏం పని?

ఇట్లాంటి మనిషి చేతికి బడిని ఇచ్చారు.

చొక్కా కుట్టి వచ్చిన రోజు నుంచి నేను బడి కిటికీ దగ్గర నిలబడడం మొదలుపెట్టాను. బడి బాగుపడాలంటే పైన ఒక కన్ను ఉండాలని నా నమ్మకం. మండీలో యజమాని అట్లాగే నిలబడేవాడు. ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరు కూర్చున్నారు, ఎవరు ఫోను చూశారు. ముగ్గురు టీచర్లు. పెద్ద టీచరమ్మ హెడ్మిస్ట్రెస్సు. ఇంకొకామె పెద్ద వయసు టీచరమ్మ, రిటైర్మెంటు దగ్గరపడింది. మూడో ఆయన చిన్న సారు, ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు, రోజూ తిరుపతి నుంచి బస్సులో వస్తాడు. ముగ్గురూ నన్ను చూసి నమస్కారం పెట్టేవాళ్లు. ఆ నమస్కారానికి నేను పొంగిపోయేవాణ్ణి. కిటికీకి అడ్డం నిలబడితే లోపలికి వెలుతురు రాదన్న సంగతి నాకు తట్టలేదు. ఎవరూ చెప్పనూ లేదు.

పెద్ద టీచరమ్మ మీద నాకు మొదట్లో మంచి అభిప్రాయం లేదు. ఆమెది చిన్న గొంతు. హెడ్డు అన్నాక ఒక అరుపు అరిస్తే బడి అదరాలి. ఈమె ఏ పని చెయ్యాలన్నా అందరినీ అడిగేది. మధ్యాహ్నం బెల్లు ఎప్పుడు కొడితే బాగుంటుందో వంట చేసే ఆమెను అడిగేది. ఏ క్లాసు ఎవరు తీసుకోవాలో ముగ్గురూ కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. ఈమెకు ఏమీ తెలియదు కాబట్టి అందరినీ అడుగుతోందని ఊళ్లో నలుగురి దగ్గరా అన్నాను కూడా.

ఇక శనివారం సంగతి చూసి నాకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం పూట ముగ్గురు టీచర్లూ ఒకే గదిలో ఉన్నారు. ఒకరు పాఠం చెబుతున్నారు, ఇద్దరు పిల్లల వెనక బెంచీలో కూర్చుని ఉన్నారు. తక్కిన తరగతుల పిల్లలు వరండాలో బొమ్మలు గీసుకుంటూ, వంట ఆమె కాపలాలో ఉన్నారు. ముగ్గురికి జీతమిచ్చి ఒకరితో పని చేయించుకోవడం ఏ మండీలో అయినా ఉంటుందా? లోపలికి పోయి అదే మాట అడిగాను.

పెద్ద టీచరమ్మ కోప్పడలేదు. నన్ను కూడా కూర్చోమంది. అప్పుడు చెప్పింది. వారానికొకరు ఒక పాఠం చెబుతారు. మిగిలినవాళ్లు పిల్లల్ని చూస్తారు. తర్వాత టీ తాగుతూ, ఎవరేం చూశారో చెప్పుకుంటారు. ఎక్కడో ఒక శిక్షణలో ఆమె ఇట్లాంటిది చూసిందట, ఇక్కడికి తగ్గట్టు మార్చుకుందట. ఒకటే కట్టుబాటు. పాఠం చెప్పినవాళ్ల గురించి ఒక్క మాట కూడా అనకూడదు, మంచీ వద్దు, చెడ్డా వద్దు. పిల్ల ఏం చేసింది, ఏమంది, ఎక్కడ ఆగింది, అంతే చెప్పాలి. కట్టుబాటు దాటినవాళ్లు ఆ రోజు అందరికీ టీ పొయ్యాలి.

నాకు నవ్వొచ్చింది. తప్పు చేసినవాడి గురించి మాట్లాడకుండా తప్పు ఎట్లా పోతుంది? అయినా చైర్మన్‌ని కాబట్టి వచ్చే వారం నుంచి నేనూ కూర్చుంటానన్నాను. ఆమె మిగతా ఇద్దరినీ అడిగి సరేనంది. వాళ్లను అడగడం నాకు అవమానంగా తోచింది.

మరుసటి శనివారం చిన్న సారు వంతు. నాలుగో తరగతి, అంటే మా మనవరాలి తరగతి. ఆయన బోర్డు మీద రెండు గుండ్రాలు గీశాడు. ఒకదాన్ని మూడు భాగాలు చేశాడు, ఇంకొకదాన్ని నాలుగు. ఒక్కోదాంట్లో ఒక్క భాగానికి రంగు పూశాడు. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగాడు. మా మనవరాలు చెయ్యెత్తింది. నేను పక్కనున్న టీచరమ్మ వైపు చూసి, మా పిల్లే అన్నట్టు తల ఊపాను. పిల్ల లేచి, నాలుగో వంతే పెద్దది సార్, మూడు కంటే నాలుగు పెద్దది గదా అంది.

సారు కాసేపు ఆగాడు. ఏదో అడగబోయాడు. నేను అడగనిస్తేగా?

"ఏంది సారూ, పిల్ల తప్పు సెప్తాంటే గమ్మున సూస్తాండావు?" అన్నాను వెనక నుంచే. "గుండ్రాలు గీస్తే వస్తాదా లెక్క? నేనైతే ఒక్క కాయ కోసి సూపిస్తే అయిపొయ్యేది."

సారు చెవులు ఎర్రబడ్డాయి. సుద్దముక్క ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, పాఠం ఎట్లాగో ముగించాడు. మా మనవరాలు కూర్చుని, పుస్తకంలోకి తల వంచుకుంది. మళ్లీ ఎత్తలేదు. టీ వేళకు పెద్ద టీచరమ్మ ఫ్లాస్కు నా చేతికిచ్చింది. పోశాను. శిక్ష అంటే ఇంతేనా అనుకున్నాను. టీ కూడా బాగుంది.

మళ్లీ తన వంతు వచ్చినప్పుడు సారు గొంతు బాగాలేదన్నాడు. ఆపై వంతుకు ఆయన తరగతిలో పరీక్ష పెట్టాడు. మామూలు రోజుల్లో కిటికీ రెక్కలు మూసి పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటికి నేను ఊళ్లో చెప్పుకున్న మాట ఏమిటంటే, చైర్మన్ దెబ్బకు సారు దారికొచ్చినాడు అని. ఇంట్లో మా మనవరాలు లెక్కల గురించి మాట్లాడడం మానేసింది. అది కూడా భయభక్తులే అనుకున్నాను. అన్నీ నాకు అనుకూలంగానే అర్థమవుతున్నాయి.

ఒకరోజు పెద్ద టీచరమ్మ నన్ను పిలిచి, ఆ చిన్న గొంతుతోనే చెప్పింది. చిన్న సారు వేరే బడికి పంపమని అడిగాడట. మండలంలో ఎక్కడో టీచరు కావాలి, ఆఫీసువాళ్లు ఆమె మాట కోసం చూస్తున్నారు. నెలాఖరులోపు చెప్పాలి. ఉండననేవాణ్ణి పట్టుకుని కట్టెయ్యలేనంది.

"సారు పోతే ఐదు తరగతులకు మేమిద్దరం," అంది. "ఒకరు పాఠం చెప్పి ఇంకొకరు చూసేదానికి ఇంగ వీలు కాదు. ఎవురి తలుపు వాళ్లు మూసుకోవాల్సిందే. నేను ఈ బడికి వచ్చినప్పుడు అట్లనే ఉన్నింది పెద్దాయనా."

ఆయన ఎందుకు పోతున్నాడని అడిగాను. ఆమె నావైపు చూసింది గానీ ఏమీ అనలేదు. కట్టుబాటు ఆమెకు టీ వేళకే కాదు, అన్ని వేళలా ఉన్నట్టుంది.

ఆ సాయంత్రం బస్టాపు దగ్గర సారును పట్టుకున్నాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు. నాది కొంచెం నోరు, మనసులో ఏం ఉండదు అన్నాను. నోరున్నవాళ్లందరూ చెప్పే మాటే అది. సారు మర్యాదగా విన్నాడు.

"మీరన్నది నిజమే తాతా," అన్నాడు. "ఆ పాఠం నాకు సరిగ్గా రాలేదు. రానిదాన్ని నలుగురి ముందర చేసి నేర్చుకునేదానికి ఒక చోటు దొరికినాదని సంబరపడినా. అంతే."

బస్సొచ్చింది, ఎక్కి పోయాడు.

ఇంటికొచ్చి మా అమ్మాయికి చెప్పాను, నన్ను సమర్థిస్తుందేమోనని. ఆమె అన్నం కలుపుతూ, "నేను కొత్తలో సూది వేసేటప్పుడు పక్కన నువ్వు నిలబడుంటే, నాయనా, ఆస్పత్రి వదిలేసి ఎప్పుడో ఇంటికొచ్చేసుంటా," అంది. కూతురు కదా, మెత్తగానే అంది. మనవరాలు నవ్వలేదు. సారు పోతే లెక్కలు ఎవరు చెప్తారని తల్లిని అడిగింది. నన్ను అడగలేదు.

సారును ఎట్లాగైనా ఉంచాలి. నా బుర్రకు తట్టిన ఉపాయం ఏమిటంటే, ఆ పాఠం నేనే చెప్పి చూపిస్తాను. పాఠం ఎంత సులువో చూస్తే సారుకు ధైర్యం వస్తుంది, ఉండిపోతాడు. ఒక మనిషిని ఒకసారి అవమానించి, రెండోసారి పాఠం చెప్పి మరీ అవమానించి ఉంచుకోవాలన్న ఆలోచన ఈ జిల్లాలో ఇంకెవరికీ వచ్చుండదు. పెద్ద టీచరమ్మతో చెప్పాను. ఆమె ఎప్పటిలాగే మిగతా ఇద్దరినీ అడిగింది. పెద్ద వయసు టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్న సారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "చెప్పనీండి మేడం," అన్నాడు.

ఆ శనివారం గంపెడు తోతాపురి కాయలతో బడికి పోయాను. మండీలో ఏరినట్టు ఏరాను. ఒకే సైజు, ఒకే రంగు, మచ్చ లేదు. కత్తి సానబట్టించాను. తెల్ల చొక్కా వేసుకున్నాను. ముగ్గురు టీచర్లూ వెనక బెంచీలో కూర్చున్నారు. పిల్లలు నన్ను గాక గంపను చూస్తున్నారు. అది గౌరవం అనుకున్నాను.

కాయ పైకెత్తి, దీన్ని నాలుగు సమాన భాగాలు చేస్తున్నాను చూడండి అన్నాను. కత్తి దింపాను. కత్తి సగంలో ఆగింది.

టెంక.

మామిడికాయల మధ్య బతుకు గడిపిన మనిషిని. కాయకు టెంక ఉంటుందన్న సంగతి మరిచిపోయి వచ్చాను. చేతిలో తిప్పి చూడడం, కుప్పలో వెయ్యడమే గానీ సమానంగా కొయ్యాల్సిన పని నాకు ఏనాడూ పడలేదు. సరే, పక్కకు తిప్పి కోశాను. రెండు చెంపలు లావుగా వచ్చాయి, పక్క ముక్కలు రెండు వక్కల్లాగా సన్నగా వచ్చాయి, మధ్యలో టెంక విడిగా వచ్చింది. నాలుగు భాగాలు చెయ్యబోతే ఐదు వచ్చాయి. ఇంకో కాయ తీసుకున్నాను. అదీ అంతే. రసం మోచేతుల దాకా కారింది. చొక్కా సంగతి చెప్పను.

పిల్లలు ఒక్కసారిగా లేచారు. టెంక ఎవరికి? వాళ్లకు అదొక్కటే ప్రశ్న. టెంక చీకితే వచ్చే రుచి ముక్కల్లో లేదని ఈ జిల్లాలో పుట్టిన పిల్లలందరికీ తెలుసు. మా మనవరాలు కూడా లేచి, టెంక ఒకరికే ఇస్తే మిగతావాళ్లకు అన్యాయమని వాదించింది. నేను గదమాయించి కూర్చోబెట్టాను. కోసినవి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, మాటలతో లాక్కొచ్చాను. మండీలో లోడు ఎట్లా పంచుకుంటారో, గంపలో సగమంటే ఏమిటో, పావంటే ఏమిటో చెప్పాను. నేను రాత్రి బడిలో ఎంత కష్టపడి చదువుకున్నానో కూడా చెప్పాను, అది పాఠంలో లేకపోయినా. చివర్లో అర్థమైందా అని అడిగాను. అందరూ ఒకే గొంతుతో అయిందన్నారు. తలలు ఊపారు. నాకు కడుపు నిండింది.

టీ వేళకు పెద్ద టీచరమ్మ గది నేల మీద చాప పరిచింది. ముందు పెద్ద వయసు టీచరమ్మ చెప్పింది. ముందు వరసలో ఉన్న పిల్లాడు నేను కోసిన ముక్కలు వేళ్ల మీద లెక్కపెట్టి, నాలుగని అంటాడే ఐదుండాయే అని పక్కవాడి చెవిలో అన్నాడట. పెద్ద టీచరమ్మ, పిల్లలు మొత్తం పాఠంలో నోరు తెరిచి అడిగిన ప్రశ్న ఒకటేనంది, టెంక ఎవరికి అని. ఇద్దరూ నా గురించి ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది. ఎవరైనా తిడితే తిరిగి తిట్టొచ్చు. పిల్లలు ఏం చేశారో చెబితే ఎవరిని తిట్టాలి?

చిన్న సారు వంతు వచ్చింది. ఆయన కాగితం చూడకుండా చెప్పాడు.

"నేను ఒక్క పాపనే చూసినా. అర్థమైందా అని అడిగినప్పుడు ఆ పాప అటూ ఇటూ ఉండేవాళ్లను మోచేత్తో పొడిచింది. అయిందని చెప్పండే, లేకుంటే మా తాత మళ్లా మొదట్నించి చెప్తాడు అనింది."

పెద్ద వయసు టీచరమ్మ భుజాలు కదలడం మొదలైంది. పెద్ద టీచరమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. నేను కట్టుబాటేమీ దాటకపోయినా లేచి ఫ్లాస్కు అందుకున్నాను. చేతికి ఏదో ఒక పని కావాలి గదా.

సారు మాత్రం నవ్వలేదు. ఏదో వెతుకుతున్నవాడిలాగా చాప అంచు వైపు చూస్తున్నాడు. ఆ పాప ఇంకొకటి కూడా చేసింది మేడం అన్నాడు. టెంక ఒకరికే ఇస్తే అన్యాయమని వాదించింది. అంటే భాగాలు సమానంగా ఉండాలని పాపకు తెలుసు. బోర్డు మీద అంకె కనపడగానే మాత్రం పెద్ద అంకె పెద్దదనుకుంటోంది. ఆ రెండూ పాప తలలో ఇంకా కలవలేదు. ఆ రోజు తను గుండ్రాలు గీసి చూపించాడు గానీ, పంచుకునే పని పిల్లలకు ఇవ్వలేదు.

అంతే, ముగ్గురూ దాంట్లో పడిపోయారు. నేనొకణ్ణి అక్కడున్నానన్న సంగతే మరిచారు. టెంక లేనిది కావాలన్నారు. పెద్ద వయసు టీచరమ్మ చపాతీ అంది, వంట ఆమె చేత స్టీలు మూతతో అద్ది చేయిస్తే అన్నీ ఒకే సైజు వస్తాయంది. పెద్ద టీచరమ్మ, బెంచీకొకటి ఇచ్చి, ఏ బెంచీలో కూర్చోవాలో పిల్లల్నే ఎంచుకోనిద్దామంది. సారు సుద్దతో నేల మీద బెంచీలు గీశాడు. ఒకరు ఒక మాట మొదలుపెడితే ఇంకొకరు ముగిస్తున్నారు. మండీలో అన్నేళ్లలో నేను అట్లా ముగ్గురు మనుషులు ఒక పనిని మధ్యలో పెట్టుకుని మాట్లాడుకోవడం చూడలేదు. అక్కడ ఒకరు చెప్పేవాళ్లు, మిగతావాళ్లం మోసేవాళ్లం.

ఈ పాఠం ఎవరు చెబుతారని పెద్ద టీచరమ్మ అడిగింది. సారు చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు. పోయేలోపల ఒకసారి చెప్పి చూస్తానన్నాడు. పోయేలోపల అన్న మాట అందరం విన్నాం. నేను ఉండొచ్చా అని అడిగాను. జీవితంలో నేను అడిగి లోపలికి వచ్చిన మొదటి గది అదేనేమో. ఉండండి, గమ్మునుండగలిగితే అన్నాడు.

ఆ వారమంతా నేను గమ్మునుండడం సాధన చేశాను. టీ అంగట్లో రాజకీయాలు మాట్లాడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. నాకు ఒంట్లో బాగాలేదేమోనని ఇద్దరు ముగ్గురు అడిగారు.

శనివారం సారు కొన్ని బెంచీల మీద మూడని, కొన్నిటి మీద నాలుగని సుద్దతో రాశాడు. మూడని రాసిన బెంచీలో ముగ్గురే కూర్చోవాలి, నాలుగని రాసిన దాంట్లో నలుగురు. బెంచీకొక చపాతీ. బెంచీలో ఉన్నవాళ్లు సమానంగా పంచుకోవాలి. ఎక్కడ కూర్చుంటారో మీ ఇష్టం అన్నాడు. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ మూడని రాసిన బెంచీల మీద పడ్డారు. జాగా దొరకనివాళ్లు మొహం వేలాడేసుకుని నాలుగుకు పోయారు.

మా మనవరాలు ఎవరూ తోయకుండానే, మూడు బెంచీలో జాగా ఉండగానే, నేరుగా పోయి నాలుగు బెంచీలో కూర్చుంది.

ఇంత చేసినా పిల్లకు రాలేదు. నాలుగే పెద్దదనుకుంటోంది. లేచి, ఆ బెంచీ గాదు, ఈ బెంచీ అనడానికి కాళ్లు రెండూ సిద్ధమయ్యాయి. కండువా కొస నోట్లో కుక్కుకున్నాను. పక్కనున్న పెద్ద టీచరమ్మ అది చూసి తల తిప్పుకుంది.

సారు ఆ బెంచీ దగ్గరికి పోయాడు. తప్పని అనలేదు, ఒప్పని అనలేదు. ఇక్కడ ఎందుకు కూర్చున్నావు పాపా అని అడిగి, ఊరికే నిలబడ్డాడు.

పిల్ల వెనక్కి తిరిగి నా మొహం చూసింది.

నేను నా చెప్పుల వైపు చూశాను. అట్లా చూడడం ఎంత బరువో ఆ రోజే తెలిసింది. సారు ఇంకా నిలబడే ఉన్నాడు. ఆఖరుకు పిల్ల గొంతు వినపడింది.

"ఈడ కూర్చుంటే తక్కువొస్తాదని తెలుసు సార్. నలుగురు తినాల గదా, ముక్క చిన్నదైపోతాది. కానీ మా స్నేహితురాలు ఈడుండాది."

నేను లేచి ఆ బెంచీ మార్పించి ఉంటే, పిల్ల మూడు బెంచీలో కూర్చుని ఉండేది, నేను నా పాఠం ఫలించిందని ఊరంతా చెప్పుకుని ఉండేవాణ్ణి, ఈ మాట మాత్రం ఎవరికీ వినపడి ఉండేది కాదు.

సారు మొహంలోకి వచ్చిన వెలుగు నేను చూశాను. అయినా తొందరపడలేదు. చపాతీలు చించి పంచుకోనిచ్చాడు, ముక్కలు పక్కపక్కన పెట్టి చూడమన్నాడు. ఆ తర్వాతే బోర్డు మీద మూడో వంతు, నాలుగో వంతు అని రాసి, వీటిల్లో ఏది పెద్దదని అడిగాడు. మా మనవరాలు చేతిలోని ముక్కను చూసింది, బోర్డును చూసింది. అయితే నాలుగో వంతు చిన్నదా సార్ అని సారునే ఎదురడిగింది. ముందు వరస పిల్లాడు ఒప్పుకోలేదు, నాలుగు ఎట్లా చిన్నదవుతుందన్నాడు. ఇద్దరూ వాదనకు దిగారు. మిగతావాళ్లు రెండు పక్షాలయ్యారు. బెల్లు కొట్టేసరికి ఏదీ తేలలేదు. గేటు దాటి పోతూ కూడా వాదించుకుంటున్నారు. తోతాపురి కాయల రోజు అందరూ అర్థమైందన్నారు, ఈ రోజు ఎవరూ అనలేదు.

టీ వేళకు నా వంతు వచ్చింది. చాలా చెప్పాలని ఉంది. అంతా మింగేసి, నేను చూసినది ఒకటే చెప్పాను. "ఆ పాప జవాబు చెప్పేముందర వాళ్ల తాత మొగం సూసింది."

పెద్ద టీచరమ్మ దాన్ని రాసుకుంది. ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చడం కూడా కట్టుబాటులో లేదు.

సాయంత్రం బస్టాపులో సారు, నేను నిలబడ్డాం. ఈసారి నేను ఆయన్ను పట్టుకోలేదు, ఆయనే నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆఫీసుకు ఫోను చేసి, ఈ బడిలోనే ఉంటానని చెప్పేశానన్నాడు. నాకు మళ్లీ పాత జబ్బు తిరగబెట్టింది.

"నేను గమ్మునున్నాననే గదా సారూ?" అన్నాను.

"పోవాలనుకునింది మీవల్లే తాతా," అన్నాడు. "ఉంటాననింది మీవల్ల గాదు. నాలుగు చిన్నదెట్లయితాదని అడిగినాడే, ఆ పిల్లోనికి సోమవారం ఏం చెప్తానో నాకే తెలీదు. ముగ్గురం కూర్చుని చూడాల."

నిజం చెబితే ఇంత నొప్పిగా ఉంటుందని తెలిసి ఉంటే నేను ఇన్నేళ్లు ఇంతమందికి చెప్పి ఉండేవాణ్ణి కాదు. బస్సు మలుపు తిరిగి వచ్చింది. సారు మెట్టెక్కి, కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"వచ్చే శనివారం మీరు ముందు వరస పిల్లోన్ని చూడండి. వాన్ని ఒక్కణ్ణే. వెనక బెంచీలోకి వాళ్ల నాయన రాడులే, భయం లేదు."

సరే సారూ అన్నాను. ఇంకొక మాట అనబోయాను గానీ బస్సు కదిలింది.